సీఆర్‌వీని ఆర్వీ వెనక కట్టి ఎల్లోస్టోన్ దాకా లాక్కెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: మీరుండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన 28 అడుగుల 2017 క్లాస్ సీ మోటర్‌హోమ్ (ఆర్వీ అన్నది దీన్నే) సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. దాని వెనక, లాగేవాటిని తగిలించే హిచ్ మీద 5,000 పౌండ్లు అని రాసుంది. ఇంట్లో 2019 హోండా సీఆర్‌వీ ఆల్‌వీల్ డ్రైవ్ ఒకటి, టెస్లా మోడల్ వై ఒకటి ఉన్నాయి. జూన్‌లో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్లతో ఎల్లోస్టోన్, గ్లేసియర్ చూసి రావాలి. అక్కడ తిరగడానికి సీఆర్‌వీని వెనక కట్టుకుని పోదామనుకుంటున్నారు. "న్యూట్రల్‌లో పెట్టి లాగేయ్, ఏం కాదు" అని మీ ఫ్రెండ్ చెప్పాడు.

మీ ఫ్రెండ్ మాట వినకండి. ఆ కారును నేల మీద దొర్లిస్తూ లాగకూడదు. టెస్లాని అసలే లాగకూడదు. మీ మోటర్‌హోమ్‌కి బలం చాలక కాదు, దాంట్లో వీ10 ఇంజిన్ ఉంది, లాగుతుంది. అందరూ ఆర్వీ ఎంత లాగగలదని అడుగుతారు గానీ, వెనక కట్టే కారు లాగించుకోగలదా అన్నది ముందు చూడాలి.

అమెరికాలో మోటర్‌హోమ్ వెనక కారు తీసుకెళ్లడానికి మూడు పద్ధతులున్నాయి. నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉంచి టో బార్‌తో లాగడం ఒకటి. దీన్ని ఫ్లాట్ టోయింగ్ అంటారు, అలా లాగే కారును ఆర్వీ వాళ్లు ముద్దుగా టోడ్ అంటారు. ముందు చక్రాలు రెండూ డాలీ అనే చిన్న రెండు చక్రాల బండి మీదకి ఎక్కించి, వెనకవి నేల మీద వదిలేయడం రెండోది. కారు మొత్తాన్ని ట్రెయిలర్ మీద పెట్టడం మూడోది. మీ సీఆర్‌వీకి మొదటి రెండూ కుదరవు. మూడోది మీ హిచ్‌కి కుదరదు. ఎందుకో చెప్తాను.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో నూనెను తిప్పే పంపు ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది. ఇంజిన్ ఆపేస్తే పంపు కూడా ఆగిపోతుంది. కానీ కారును లాగుతున్నప్పుడు చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, వాటితో పాటు గేర్‌బాక్స్‌లో చక్రాల వైపు ఉన్న భాగాలూ తిరుగుతాయి. న్యూట్రల్ అంటే ఇంజిన్‌కీ చక్రాలకీ లంకె తెగినట్టే గానీ, గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ తెగినట్టు కాదు. నూనె అందకుండా గంటల తరబడి అరవై మైళ్ల వేగంతో తిరిగితే లోపల వేడెక్కి మాడిపోతుంది. పక్క వీధికి పది మైళ్ల వేగంతో లాగితే ఏమీ కాలేదు కదా అని చాలామందికి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతోనే అమరిల్లో దాటేసరికి గేర్‌బాక్స్ పోగొట్టుకున్న వాళ్లున్నారు.

ఇక్కడే సీఆర్‌వీ విషయంలో అందరూ గందరగోళపడతారు. 2014 వరకు వచ్చిన సీఆర్‌వీలను నాలుగు చక్రాల మీద లాగొచ్చని హోండా తన మాన్యువల్‌లోనే రాసింది. అప్పట్లో హోండా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల కూర్పు చాలావరకు మాన్యువల్ గేర్‌బాక్స్‌లా ఉండేది. అందుకే ఏ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లినా మోటర్‌హోమ్ వెనక పాత సీఆర్‌వీ ఒకటి కనిపిస్తుంది. 2015లో సీవీటీ, అంటే గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్ వచ్చింది, దాంతో ఆ అనుమతీ పోయింది. మీ ఫ్రెండ్ ఎక్కడో పాత సీఆర్‌వీని చూసి మీకు చెప్పి ఉంటాడు. పేరొకటే, లోపల బండి వేరు.

మరి డాలీ? మీది ముందు చక్రాల డ్రైవ్ సీఆర్‌వీ అయ్యుంటే సరిపోయేది. ఆల్‌వీల్ డ్రైవ్‌లో వెనక చక్రాలు తిరిగితే వాటితో పాటు వెనక డిఫరెన్షియల్, ముందు దాకా వచ్చే షాఫ్ట్ తిరుగుతాయి. ముందు చక్రాలేమో డాలీ మీద కదలకుండా కట్టేసి ఉంటాయి. మధ్యలో ఉన్న కప్లింగ్ నలిగిపోతుంది. ఆల్‌వీల్ డ్రైవ్ బండిని నాలుగు చక్రాలూ నేల మీంచి లేపే తీసుకెళ్లాలని హోండా చెప్పేది ఇందుకే.

టెస్లా సంగతి ఒక్క ముక్కలో: చక్రాలు తిరిగితే మోటార్లు కరెంటు పుట్టిస్తాయి, వేడెక్కుతాయి. చక్రాలన్నీ నేల మీంచి లేచి ఉండాలని వాళ్ల మాన్యువల్ స్పష్టంగా చెబుతుంది. ఆర్వీ వెనక లాగుతూ టెస్లాకి ఫ్రీగా ఛార్జింగ్ ఎక్కించుకునే వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, చూసి నవ్వుకోండి. వారంటీ కావాలనుకుంటే మాత్రం ఆ పని చేయకండి. మన వాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించే సియెన్నా, ఒడిస్సీ, హైలాండర్, రావ్‌4 కూడా ఫ్లాట్ టోయింగ్‌కి పనికిరావు.

ఇక మిగిలింది ట్రెయిలర్. కారుకి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది బరువు దగ్గర, కాబట్టి లెక్క చూద్దాం.

మీ ఈ-450కి జీవీడబ్ల్యూఆర్ 14,500 పౌండ్లు, అంటే మనుషులు, నీళ్లు, సామాను అన్నీ కలిపి మోటర్‌హోమ్ ఒక్కటే ఉండగలిగే గరిష్ఠ బరువు. జీసీడబ్ల్యూఆర్ 22,000, అంటే మోటర్‌హోమ్, దాని వెనక లాగేది అన్నీ కలిపి. నిండా సర్దుకున్నాక మీ బండి 14,000 తూగిందనుకోండి, ఇంకో 8,000 మిగులుతుంది. ఇక్కడిదాకా చూసి డీలర్లు "ఎనిమిది వేలు లాగుతుంది సార్" అంటారు. కానీ మీ హిచ్ మీద ఉన్నది 5,000. రెండిట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు. అద్దెకు దొరికే కారు ట్రెయిలర్ ఖాళీగానే సుమారు 2,200 పౌండ్లు ఉంటుంది. సీఆర్‌వీ ఇంకో 3,500 వేసుకోండి. మొత్తం 5,700. హద్దు దాటిపోయింది.

ఇంజిన్‌కి బలముండగా హిచ్ ఎందుకు తక్కువ అంటారా? ఫోర్డ్ ఇచ్చిన ఛాసిస్ పొడవు మీద 28 అడుగుల ఇల్లు పట్టదు. అందుకే మోటర్‌హోమ్ తయారుచేసే కంపెనీ వెనకవైపు ఫ్రేమ్‌ని పొడిగిస్తుంది. మీ హిచ్ బిగించి ఉన్నది ఆ పొడిగించిన ముక్కకే. పైగా అది వెనక ఇరుసుకి చాలా దూరంగా ఉంటుంది. ట్రెయిలర్ అయితే తన బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద మోపుతుంది. ఆ 570 పౌండ్లకు పైగా బరువు అంత దూరాన వేలాడితే వెనక ఇరుసు మీద పడే భారం 570 కంటే ఎక్కువే ఉంటుంది, ముందు ఇరుసు అంత తేలికవుతుంది. స్టీరింగ్ తేలిపోయినట్టు అనిపించేది అందుకే. టో బార్‌తో లాగే కారు హిచ్ మీద అంత బరువు మోపదు, తన చక్రాల మీదే తను ఉంటుంది. క్లాస్ సీ వాళ్లకు ఫ్లాట్ టోయింగ్ నచ్చడానికి అసలు కారణం ఇదే, తగిలించడంలో ఉన్న సుఖం ఆ తర్వాతే.

తేలికపాటి అల్యూమినియం ట్రెయిలర్ కొంటే లెక్క 5,000 దగ్గరికి దిగుతుంది, నిజమే. కానీ హద్దు అంచున రాకీ పర్వతాలు ఎక్కిస్తూ అమ్మానాన్నలను తీసుకెళ్లాలా? నేనైతే తీసుకెళ్లను. దీని బదులు 10,000 హిచ్ తెచ్చి పెట్టుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇస్తారు. ఫ్రేమ్ మారకుండా హిచ్ మారిస్తే మారేది స్టిక్కర్ ఒక్కటే.

మీ మోటర్‌హోమ్ అసలు బరువెంతో ఊహించుకోకండి. అన్నీ సర్ది, మనుషులు ఎక్కి, పెట్రోలు నింపి, ఏదైనా ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీదకి ఎక్కించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా కాగితం మీద వస్తాయి. మంచినీళ్ల ట్యాంకులో 40 గ్యాలన్లుంటే అవే 330 పౌండ్లు. దానికి తోడు మన వాళ్ల ప్రయాణం. బియ్యం బస్తా, కుక్కర్లు, గ్రైండర్, పచ్చడి జాడీలు లేకుండా బయల్దేరిన కుటుంబాన్ని నేనింతవరకు చూడలేదు. 14,500 దగ్గరికి మీరనుకున్న దానికంటే త్వరగా చేరిపోతారు.

ఇకముందు కూడా ఏటా తిరుగుతాం, వెనక కారు ఉండాల్సిందే అనుకుంటే ఏ కారు చూడాలో చెప్తాను. ఒకటి, 2012-2014 సీఆర్‌వీ. ఇది ఆల్‌వీల్ అయినా ఫర్వాలేదు, ఎందుకంటే నాలుగు చక్రాలూ కలిసే తిరుగుతాయి. లాగే ముందు చిన్న తంతు ఉంది: ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలుంచి గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి, డీలో కాసేపు ఆపి, అక్కడి నుంచి న్యూట్రల్‌కి తెచ్చి, మూడు నిమిషాలు ఇంజిన్ నడవనిచ్చి ఆపాలి. రివర్స్ నుంచి నేరుగా న్యూట్రల్‌కి తెచ్చి మాత్రం ఆపకూడదు, గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం యాక్సెసరీలో ఉంచాలి. ఎనిమిది గంటలకోసారి ఈ తంతు మళ్లీ చేయాలి, వేగం 65 మైళ్లు దాటకూడదు. తాళం అలా ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది కాబట్టి ఏ ఫ్యూజ్ తీయాలో మాన్యువల్ చూడండి, లేదా మోటర్‌హోమ్ నుంచి ఛార్జింగ్ వైరు లాగించుకోండి. హోండా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూడా మామూలు కంటే ముందే మార్చండి. మీ అమ్మాయికి వచ్చే ఏడాది లైసెన్స్ వస్తుందని రాశారు. నేర్చుకునే పిల్లకి పాత సీఆర్‌వీ కంటే మంచి బండి లేదు, ఖర్చు రెండిందాలా కలిసొస్తుంది.

రెండోది జీప్ రాంగ్లర్. దీంట్లో ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కి విడిగా న్యూట్రల్ ఉంటుంది. అది వేస్తే గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ లంకె నిజంగానే తెగిపోతుంది, మైళ్ల లెక్క, గంటల లెక్క అక్కర్లేదు. విచిత్రమేమిటంటే ఆటోమేటిక్ రాంగ్లర్‌ని లాగేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో, గేరు మాత్రం పార్క్‌లో ఉండాలి. నమ్మలేక గేరు కూడా న్యూట్రల్‌లో పెట్టేవాళ్లున్నారు, అలా చేయొద్దు. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్ పడిందో లేదో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా డీ, ఆర్ రెండూ వేసి చూడండి. బండి కదలకపోతే పడినట్టు. ఏ కారైనా సరే కొనేముందు దాని మాన్యువల్‌లో "రిక్రియేషనల్ టోయింగ్" అన్న పేజీ తెరిచి, మీ మోడల్ సంవత్సరం, మీ ట్రాన్స్‌ఫర్ కేస్ రకం అందులో ఉన్నాయో లేదో చదవండి. అమ్మేవాడి మాట కాదు, ఆ పేజీ మాటే చెల్లుతుంది.

సామాన్ల ఖర్చు కూడా తెలియాలి. కారు ముందు బంపర్ విప్పి లోపల బిగించే బేస్‌ప్లేటు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. బ్లూ ఆక్స్, రోడ్‌మాస్టర్, డెమ్కో ఈ పనిలో పేరున్న కంపెనీలు. టో బార్, బేస్‌ప్లేటు, లైట్ల వైరింగ్, బ్రేకు, బిగించే కూలీ అన్నీ కలిపి సుమారు 3,000 నుంచి 5,000 డాలర్లు పడుతుంది. టో బార్ నేలకి సమాంతరంగా ఉండాలి, రెండు కొసలకీ మూడు నాలుగు అంగుళాల తేడా దాటితే గట్టి బ్రేకు వేసినప్పుడు కారు మోటర్‌హోమ్ కిందకి దూరడానికో, ముక్కెత్తడానికో చూస్తుంది. తేడా ఉంటే హిచ్ ఎత్తు మార్చే డ్రాప్ రిసీవర్ పెట్టించుకోవాలి. సేఫ్టీ కేబుళ్లు కింద అడ్డంగా ఒకదాన్నొకటి దాటేలా వేయాలి.

ఈ ఖర్చులో బ్రేకు దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. "మోటర్‌హోమ్ బ్రేకులు పెద్దవి కదా, చాలు" అనే మాట వినబడుతూ ఉంటుంది. 14,000 పౌండ్లకు సరిపడే బ్రేకులు అవి, వెనక ఇంకో 3,500 నెట్టుకొస్తుంటే ఆగడానికి దూరం పెరుగుతుంది. ట్రెయిలర్లకు బ్రేకులుండాలన్న చట్టం టెక్సస్‌లో 4,500 పౌండ్ల దగ్గర మొదలవుతుంది, చాలా రాష్ట్రాల్లో 3,000 దగ్గర, కాలిఫోర్నియాలో 1,500 దగ్గరే. మీరు దాటే రాష్ట్రాల్లో అన్నిటికన్నా కఠినమైనది చూసుకుని దానికి తగ్గట్టు ఏర్పాటు చేసుకోండి.

కారు బ్రేకు పెడల్‌ని నొక్కే పెట్టెలు దొరుకుతాయి. డ్రైవర్ సీటు ముందు నేల మీద పెడితే మోటర్‌హోమ్ వేగం తగ్గినప్పుడు అదే కనిపెట్టి పెడల్ నొక్కుతుంది. శాశ్వతంగా కారు లోపల బిగించేవీ ఉన్నాయి. ఎక్కువ తిరిగేవాళ్లకు నా ఓటు బిగించే వాటికే, ఎందుకంటే ఆ పెట్టెను ప్రతిసారీ ఎత్తి సర్దాలంటే ఒళ్లు బద్ధకించే రోజొకటి వస్తుంది, సరిగ్గా ఆ రోజే అది అవసరమవుతుంది. ఏది పెట్టినా రెండు ఉండి తీరాలి: కారు ఊడిపోతే తనంతట తానే బ్రేకు పడే బ్రేక్‌అవే స్విచ్, బ్రేకు పడిందీ లేనిదీ మీ డ్యాష్‌బోర్డు దగ్గర చూపించే దీపం. వెనక బ్రేకు పట్టేసి ఉండిపోతే మీకు స్టీరింగ్‌లో ఏమీ తెలియదు, చక్రాలు కాలి పొగ వచ్చేదాకా తెలియదు. పంక్చరైనా అంతే. అందుకే కారు టైర్లకు కూడా ప్రెజర్ సెన్సర్లు పెట్టండి.

టో బార్‌తో కారు కట్టి ఉంటే వెనక్కి రావడమన్నది మర్చిపోవాలి. రివర్స్ వేయగానే కారు ముందు చక్రాలు అడ్డంగా తిరిగిపోతాయి, బార్ వంగుతుంది. డాలీకీ ఇదే బాధ. కాబట్టి పెట్రోలు బంకులోకి దూరే ముందే బయటికి ఎలా వస్తారో చూసుకోవాలి. ట్రక్ స్టాప్‌ల్లో ఆర్వీ లేన్లు వాడండి, చిన్న బంకుల జోలికి పోకండి. క్యాంప్‌సైట్ పుల్-త్రూ, అంటే ఒకవైపు వచ్చి ఇంకోవైపు నేరుగా వెళ్లిపోగలిగేది తీసుకోండి. ఇరుక్కుపోతే దిగి కారు విప్పడమే, రెండు మూడు నిమిషాల పని. కాకపోతే వెనక నలుగురు హారన్ కొడుతుంటే ఆ మూడు నిమిషాలూ చాలా టెన్షన్. కాలిఫోర్నియాలో ఏదైనా లాగే బండికి గరిష్ఠ వేగం 55 మైళ్లు. లైసెన్స్ గురించి బెంగ వద్దు, మీ బండి బరువుకి టెక్సస్‌లో మామూలు క్లాస్ సీ లైసెన్సే సరిపోతుంది. వెనక లాగే కారులో మనుషులెవరూ కూర్చోకూడదని వేరే చెప్పనక్కర్లేదనుకుంటా. పిల్లలు అడుగుతారు, అందుకే రాశాను.

ఇక ఈ జూన్ ప్రయాణం సంగతి. ఒకళ్లు మోటర్‌హోమ్, ఇంకొకళ్లు వెనకాల సీఆర్‌వీ నడుపుకుంటూ రావడం మీరు ఆలోచించే ఉంటారు. డబ్బు పరంగా తప్పు లేదు. కానీ ఫ్రిస్కో నుంచి అక్కడికి వెయ్యి మైళ్ల పైమాటే, డ్రైవర్లు ఇద్దరే ఉంటే ఒకరలిసిపోయినప్పుడు మార్చుకునే వీలుండదు. పైగా పెద్దవాళ్లు ఒక బండిలో, మాట్లాడే మనిషి ఇంకో బండిలో అయిపోతారు. నా సలహా, కారు ఇంట్లో వదిలేసి అక్కడ అద్దెకు తీసుకోండి. ఎల్లోస్టోన్ వైపు బోజ్‌మన్‌లో గానీ కోడీలో గానీ, గ్లేసియర్ వైపు కాలిస్పెల్‌లో గానీ ఇప్పుడే బుక్ చేయండి. జాక్సన్‌లో సీజన్‌లో అద్దెలు ఎక్కువ. జాక్సన్ మీదుగానే వెళ్లాల్సొస్తే ఐడహో వైపు టీటన్ పాస్ ఎక్కకండి, అక్కడ వాలు 10 శాతం.

గ్లేసియర్‌లో చిన్న కారు తప్పనిసరి. గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు దాటిన బండ్లను రానివ్వరు, మీ 28 అడుగుల బండికి ఆ ముక్క కనిపించదు. ఆ రోడ్డు మంచు తీసి పూర్తిగా తెరిచేసరికి చాలా ఏళ్లలో జూన్ చివరో జులై మొదటో అవుతుంది. కాబట్టి మీ ప్రయాణం వీలైనంత ఆలస్యంగా పెట్టుకుని, ఎల్లోస్టోన్ ముందు, గ్లేసియర్ తర్వాత పెట్టుకోండి. ఆ రోడ్డు మీదున్న లోగన్ పాస్ కనుమ దాకా నడపడం భయమనిపిస్తే అక్కడి ఎర్ర బస్సుల టూర్లు ఉన్నాయి, 1930ల నాటి బండ్లు, పైకప్పు తీసేస్తారు. ఆ బస్సులో సీట్లు కూడా ముందే అయిపోతాయి, కారుతో పాటే బుక్ చేసేయండి.